తెలుగులో సివిల్స్ ఇంటర్వ్యూ: మా ఊరు, మా మగ్గం, నా ఉద్యోగం గురించి అడిగితే ఎలా సిద్ధపడాలి?

పడుగు పేక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈసారి సివిల్స్ మెయిన్స్‌లో ఉత్తీర్ణురాలినై ఢిల్లీలో జరిగే ఇంటర్వ్యూకు ఎంపికయ్యాను. ఇంకా ఐదు వారాల గడువు ఉంది. ఇది నా నాలుగో ప్రయత్నం, ఇంటర్వ్యూ వరకు రావడం మాత్రం ఇదే మొదటిసారి. మా ఇంట్లో గానీ, మా వీధిలో గానీ ఈ దశను చూసినవారు ఎవరూ లేరు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

మాది యాదాద్రి భువనగిరి జిల్లా, భూదాన్ పోచంపల్లి. అమ్మానాన్నలు ఇద్దరూ ఇక్కత్ చీరలు నేస్తారు. నేను పదో తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. 2019 నుంచి పక్క మండలంలోని ఒక గ్రామంలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను. మెయిన్స్ తెలుగులోనే రాశాను, ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఇంటర్వ్యూ భాష కూడా తెలుగే అని దరఖాస్తులో పేర్కొన్నాను.

ఇంగ్లిషు రానివారిని బోర్డు చిన్నచూపు చూస్తుందని, అనువాదకుడి చేతిలో మన జవాబు సగం చచ్చిపోతుందని స్నేహితులు అంటున్నారు. అది మొదటి సందేహం. అయితే దానికంటే ఎక్కువగా నన్ను కలవరపెడుతున్న విషయం మరొకటి ఉంది. పోయిన వారం హైదరాబాదులో ఒక శిక్షణ కేంద్రంలో మాక్ ఇంటర్వ్యూకు వెళ్ళాను. చివరలో వారు, "మగ్గం గురించి, పేదరికం గురించి ఎక్కువ మాట్లాడకండి, సానుభూతి కోసం చెప్పినట్టు ఉంటుంది" అన్నారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూసినది మగ్గమే. దాన్ని పక్కన పెడితే నా గురించి నేను ఏం చెప్పుకోవాలో తోచడం లేదు.

అదే మాక్‌లో భూదానోద్యమం గురించి అడిగారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా ఊరు వచ్చారని, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానం చేశారని గడగడా చెప్పాను. "అయితే ఆ ఉద్యమం విజయవంతమైందా?" అని అడిగేసరికి నోరు పెగలలేదు. మా ఊరి పేరులోనే ఉన్న మాట గురించి నాకంటూ ఒక అభిప్రాయం లేదని ఆ క్షణంలో తెలిసి చాలా బాధపడ్డాను. ఈ ఐదు వారాల్లో ఏం చదవాలో, ఎలా సాధన చేయాలో దయచేసి చెప్పగలరు.

మూసీ తీరం

చెల్లెమ్మా, ముందుగా అభినందనలు. నేను రెండుసార్లు తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చాను. మొదటిసారి తుది జాబితాలో నా పేరు లేదు, రెండోసారి వచ్చింది. రెండు సందర్భాల మధ్య నా చదువులో పెద్దగా తేడా లేదు. మాట్లాడిన తీరులో మాత్రం చాలా తేడా ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

భాష సంగతి మొదట తేల్చేద్దాం. మెయిన్స్ తెలుగులో రాసిన అభ్యర్థి తెలుగులో ఇంటర్వ్యూ ఇవ్వడం ఎవరో దయతలచి ఇచ్చిన మినహాయింపు కాదు, అది నిబంధనల్లోనే ఉన్న హక్కు. 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు సాధించిన శ్రీకాకుళం జిల్లా వాస్తవ్యులు రోణంకి గోపాలకృష్ణ గారు తెలుగులో పరీక్ష రాసి, తెలుగులోనే ఇంటర్వ్యూకు హాజరయ్యారు. బోర్డు ముందు మీ మెయిన్స్ మార్కులు ఉండవు. ఇంటర్వ్యూకు కనీస మార్కులంటూ కూడా ఏమీ లేవు. రాత పరీక్షకు 1750, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2025 మార్కుల మీద ర్యాంకు నిర్ణయమవుతుంది. అక్కడ వచ్చే ముప్పై నలభై మార్కుల తేడా ఏ సర్వీసు వస్తుందో, అసలు వస్తుందో రాదో తేల్చగలదు.

ఇక అనువాదకుడి విషయం. మీ స్నేహితులు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, అయితే దానికి కారణం చాలావరకు మనమే. మొదటిసారి నేను ఒక్కో జవాబును నాలుగైదు నిమిషాల ఉపన్యాసంలా చెప్పాను. మధ్యలో సామెతలు వేశాను, ఒక పద్యపాదం కూడా చదివాను. పాపం ఆ అనువాదకుడు అంతా విని, రెండు మాటల్లో సారాంశం చెప్పేవారు. బోర్డు విన్నది ఆ రెండు మాటలే. రెండోసారి వెళ్ళేనాటికి మూడు నాలుగు వాక్యాలు చెప్పి ఆగడం నేర్చుకున్నాను. మొదటి వాక్యంలోనే నా అభిప్రాయం ఏమిటో చెప్పేసి, తర్వాతి రెండింటిలో కారణం, ఉదాహరణ చెప్పేవాణ్ణి. ఫైనాన్స్ కమిషన్, గ్రామసభ, జీఎస్టీ వంటి మాటలను అందరూ వాడే రూపంలోనే వాడాను, వాటికి గ్రాంథిక అనువాదాలు వెతకలేదు. అంకెలను నిదానంగా, విడివిడిగా పలికాను. ప్రశ్న అడిగిన సభ్యుల వైపు చూస్తూ మాట్లాడాలి గానీ అనువాదకుడి వైపు తిరిగి కాదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సాధన లేకుండా రాదు.

మరొకటి గుర్తుంచుకోండి. ఇంటర్వ్యూ సాధారణంగా అరగంట నడుస్తుంది. అందులో కొంత సమయం అనువాదానికే పోతుంది కాబట్టి, ఇంగ్లిషులో మాట్లాడేవారికంటే మనకు ప్రశ్నలు తక్కువగా వస్తాయి, ఒక్కో జవాబు బరువు పెరుగుతుంది. అందువల్ల ప్రపంచంలోని సంగతులన్నీ చదవాలనే ఆరాటం తగ్గించుకుని, మీ దరఖాస్తులో ఉన్న ప్రతి మాట వెనక మీరు నిలబడగలరా అని చూసుకోండి. ఊరి పేరు, జిల్లా, తల్లిదండ్రుల వృత్తి, చదివిన విషయాలు, ఉద్యోగం, అభిరుచులు అన్నీ అందులో ఉంటాయి. మగ్గం గురించి మాట్లాడవద్దన్న సలహాను మాత్రం నేను ఒప్పుకోను. మీరు మాట్లాడకపోయినా వాళ్ళు అడుగుతారు, ఎందుకంటే అది మీ దరఖాస్తులోనే ఉంది. కష్టాలు చెప్పడం వేరు, పని గురించి చెప్పడం వేరు. మీరు పని గురించి చెప్పండి.

ఇంట్లో అమ్మగారినీ నాన్నగారినీ కూర్చోబెట్టి, మాక్ బోర్డు ఎలా అడుగుతుందో అలాగే వాళ్ళను మీరు అడగండి. ఒక చీరకు నూలు, పట్టు, రంగు ఖర్చు ఎంత, చిటికి కట్టడానికి (డిజైను కోసం రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడానికి) ఎన్ని రోజులు, నేయడానికి ఎన్ని రోజులు, మాస్టర్ వీవరు (నూలు ఇచ్చి కూలికి నేయించుకునే వ్యాపారి) ఇచ్చే కూలి ఎంత, అదే చీర హైదరాబాదు దుకాణంలో ఎంతకు అమ్ముతున్నారు అన్న లెక్క కాగితం మీద వేయండి. ఆ ఒక్క కాగితం మీకు పది పుస్తకాలంత బలం ఇస్తుంది. ఆ లెక్కను ఏ శిక్షణ కేంద్రమూ నేర్పలేదు.

విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, నేను చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. చాలా ఏళ్ళుగా మాక్ బోర్డుల్లో కూర్చుంటున్నాను. "విజయవంతమైందా?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయినందుకు బాధపడకు. ఆ ప్రశ్న నీకు మాక్‌లోనే ఎదురు కావడం మంచిదైంది.

సివిల్స్ నిర్వహించే యూపీఎస్సీ కమిషన్ తన నోటిఫికేషన్‌లోనే ఇది నిలదీసే విచారణ కాదని, ఒక దిశ, ఒక ప్రయోజనం ఉన్న సహజ సంభాషణ అని స్పష్టంగా రాస్తుంది. అభ్యర్థిలో చూసే గుణాలను కూడా చెబుతుంది. చురుకుదనం, తర్కబద్ధమైన వ్యక్తీకరణ, తూకం తప్పని నిర్ణయశక్తి, ఆసక్తుల్లో వైవిధ్యమూ లోతూ, నైతిక నిబద్ధత వంటివి. తేదీ చెప్పినంతమాత్రాన ఇందులో ఏదీ వెల్లడి కాదు. తేదీ చెప్పిన తర్వాత నువ్వు చేసే ఆలోచనలోనే ఇవన్నీ కనిపిస్తాయి.

భూదానం గురించి ఒకసారి కలిసి ఆలోచిద్దాం. వినోబా శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వచ్చి, అక్కడి నుంచి కాలినడకన తెలంగాణ పల్లెల్లోకి బయలుదేరారు. అప్పటికి సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు, అది అదే ఏడాది అక్టోబరులో విరమించారు. మీ ఊళ్ళో దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగితే, రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఈ క్రమం తెలిస్తే బోర్డు వేయగల అసలైన ప్రశ్న ఏమిటో నీకే తడుతుంది: "పోరాటాన్ని చల్లార్చడానికే భూదానం పుట్టిందని కొందరు అంటారు, మీరు ఏమంటారు?"

దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేస్తే చిక్కులో పడతావు. "రెండు వైపులా వాదనలు ఉన్నాయి" అని తప్పుకుంటే అంతకంటే నష్టం, ఎందుకంటే అది జవాబు కాదు. నేనైతే ఇలా ఆలోచించమంటాను. ఊరివాళ్ళు భూమి అడిగారన్నది నిజం, ఆ అడిగే ధైర్యం వచ్చిన వాతావరణంలో పోరాటానికి పాత్ర ఉంది. చట్టం కూడా కదిలింది, 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం అప్పటికే వచ్చాయి. దానం ఈ రెండింటికీ తోడైన మూడో దారి. ఆ దారికి బలమూ ఉంది, బలహీనతా ఉంది. దాత మనసు మీద ఆధారపడిన భూమి చాలాచోట్ల సాగుకు పనికిరానిదిగా మిగిలింది, లేదా పంపిణీ కాకుండా వివాదాల్లో చిక్కుకుంది. 1965లో భూదాన, గ్రామదాన చట్టం, 1973లో భూపరిమితి చట్టం అవసరమయ్యాయంటేనే దానం ఒక్కటే సరిపోలేదని అర్థం. అయినా నెత్తురు చిందకుండా భూమి చేతులు మారగలదని ఒక ఊరు చూపించింది. ఇవన్నీ తెలిసినాక నీ మనసు ఎటు మొగ్గుతుందో అదే చెప్పు. నీ మొగ్గుతో సభ్యులు ఏకీభవించకపోవచ్చు. వాళ్ళు అడ్డు ప్రశ్న వేసినప్పుడు నువ్వు మొండిగా బిగుసుకుంటావా, లేక సరైన వాదనను ఒప్పుకుంటూ నీ మాట నిలుపుకుంటావా అన్నదే వాళ్ళు చూస్తారు.

చేనేత విషయంలో కూడా ఇంతే. "యంత్రం వచ్చాక చేనేత ఎందుకు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుందనుకో. ఆసు పోయడం, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టడం, మీ అమ్మగారి భుజాలకు ఎంత శ్రమో నీకు నేను చెప్పనక్కరలేదు. ఆ శ్రమ చూసే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం నేతను మింగలేదు, నేతకు ముందున్న చాకిరీని తగ్గించింది. చేనేతను కాపాడే యంత్రం వేరు, దాన్ని అనుకరించి చంపే యంత్రం వేరు అన్న తేడా నీ నోటి నుంచి, నీ ఇంటి ఉదాహరణతో వస్తే అందులో సానుభూతి కోరడం ఎక్కడుంది? ఒక విధానం గురించి బాధ్యతగా మాట్లాడటం అది. ఆ తర్వాత వాళ్ళు భౌగోళిక గుర్తింపు గురించి, చేనేతకు కొన్ని రకాలను కేటాయించిన 1985 చట్టం గురించి, ఇక్కత్ డిజైనును అచ్చు వేసి పోచంపల్లి పేరుతో అమ్మడం గురించి అడగవచ్చు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం ఎందుకైందో, 1905 స్వదేశీ ఉద్యమంతో దానికున్న సంబంధం ఏమిటో కూడా చూసుకో. మీ ఊరికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు ఇచ్చింది. దానివల్ల మగ్గం మీద కూర్చున్న మనిషికి ఏం ఒరిగిందన్నది, అక్కడ పుట్టి పెరిగిన నువ్వు తప్ప ఇంకెవరు చెప్పగలరు?

నల్లమల

పై ఇద్దరి మాటలతోనూ చాలావరకు ఏకీభవిస్తాను. భాష విషయంలో మాత్రం నా అనుభవం కొంచెం వేరు కాబట్టి చెబుతున్నాను. నేను మెయిన్స్ తెలుగులో రాసి ఇంటర్వ్యూ ఇంగ్లిషులో ఇచ్చాను. నేను అప్పటికి ఐదేళ్ళుగా ఇంగ్లిషులోనే పనిచేసే కార్యాలయంలో ఉన్నాను, నా పని గురించి ఆలోచించేది కూడా ఆ మాటల్లోనే. కాబట్టి తెలుగు మాధ్యమం వారందరూ తెలుగులోనే ఇవ్వాలని నేను అనను. కంగారు పడినప్పుడు మీకు ఏ భాషలో మాటలు వస్తాయో అదే మీ ఇంటర్వ్యూ భాష. అక్కా, మీరు రోజూ గ్రామసభలో తెలుగులో మాట్లాడేవారు కాబట్టి మీ ఎంపిక సరైనదే అనిపిస్తోంది. అయినా రోజూ ఒక ఇంగ్లిషు దినపత్రిక చదవడం మానకండి. సభ్యులు ప్రశ్నను ఇంగ్లిషులో అడిగినప్పుడు అనువాదం కంటే ముందే మీకు అది అర్థమైతే, ఆలోచించుకోవడానికి అదనంగా కొన్ని క్షణాలు దొరుకుతాయి.

మీ ఉద్యోగం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు, నా దృష్టిలో మీ అసలు బలం అదే. కలెక్టరు కావాలనుకునే చాలామందికి పుస్తకాల్లో మాత్రమే తెలిసిన విషయాలు మీ రోజువారీ పని. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచికి, ఉపసర్పంచికి కలిపి చెక్‌పవర్ (పంచాయతీ చెక్కుల మీద సంతకం చేసే అధికారం) ఎందుకిచ్చింది, దానివల్ల మీ గ్రామంలో పనులు ఆగాయా, అవినీతి తగ్గిందా? నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న నిబంధన క్షేత్రస్థాయిలో ఎలా అమలైంది? 2024 మొదట్లో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో ఆర్థిక సంఘం నిధులు ఆగినప్పుడు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఎలా ఇచ్చారు? ఇలాంటివి అడిగితే మీరు చట్టం చెప్పి ఆగవద్దు, మీ గ్రామంలో జరిగినది చెప్పండి. ప్రభుత్వాన్ని తిట్టనక్కరలేదు, పొగడనక్కరలేదు. ఏం జరిగింది, దాన్ని మీరు ఎలా ఎదుర్కొన్నారు, మీ చేతిలో ఉంటే ఏం మారుస్తారు అన్నది చెబితే చాలు.

నన్ను ఒక సభ్యులు, "పై అధికారి తప్పు బిల్లు మీద సంతకం చేయమంటే ఏం చేస్తారు?" అని అడిగారు. రాజీనామా చేస్తానని ఆవేశంగా అన్నాను. "మీరు వెళ్ళిపోతే ఆ బిల్లు ఆగుతుందా?" అని ఆయన మెల్లగా అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చేయని పనికి బిల్లు రాయమనే ఒత్తిడి మీకు నిజంగానే వచ్చి ఉంటుంది. అప్పుడు కొలతల పుస్తకం (జరిగిన పని కొలతలు నమోదు చేసేది) చూపించమన్నారా, అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేశారా, ఎంపీడీవోకు చెప్పారా? మీరు చేసినదే చెప్పండి, చేయలేకపోయినది ఉంటే దాన్ని కూడా నిజాయితీగా చెప్పండి. తెలియని ప్రశ్నకు తెలియదని వెంటనే చెప్పడం కూడా ఇందులో భాగమే. ఊహించి చెప్పిన ఒక జవాబు మీద మూడు అడ్డు ప్రశ్నలు వస్తాయి.

ఇక ఆ రోజు సంగతి. ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ కార్యాలయం ధోల్‌పూర్ హౌస్‌కు ఉదయం గానీ మధ్యాహ్నం గానీ పిలుస్తారు. ఫోను బయట ఇచ్చేయాలి, ధ్రువపత్రాల అసలు ప్రతులు పరిశీలిస్తారు, మీ బోర్డు ఏదో అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది. ఛైర్మన్‌తో కలిపి సాధారణంగా ఐదుగురు ఉంటారు. ఫలానా బోర్డు మార్కులు బిగిస్తుందని వేచి ఉండే గదిలో గుసగుసలు వినిపిస్తాయి, వాటిని చెవిన పెట్టకండి. వైద్య పరీక్షలు కూడా ఆ దగ్గరి రోజుల్లోనే ఉంటాయి కాబట్టి తిరుగు ప్రయాణం టికెట్టు తొందరపడి తీసుకోవద్దు. చీర కట్టుకోవాలా అని మీరు అడగలేదు గానీ చెబుతున్నాను, మీ ఇంట్లో నేసిన లేత రంగు నూలు ఇక్కత్ చీర కంటే మీకు నప్పేది ఇంకొకటి ఉండదు. ఒకసారి అది కట్టుకుని మాక్‌కు వెళ్ళి, అందులో సౌకర్యంగా కూర్చోగలుగుతున్నారో లేదో చూసుకోండి. ఖర్చులకు ఇబ్బందైతే, సింగరేణి సంస్థ ద్వారా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం సాయం గురించి విచారించండి. ఇంటర్వ్యూకు ఎంపికైనవారికి కూడా లక్ష రూపాయలు ఇచ్చారు.

పడుగు పేక

ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మూసీ తీరం అన్నా, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి అమ్మానాన్నలతో కూర్చుని చీర లెక్క వేశాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ ఆ లెక్క పూర్తిగా వేసుకోలేదు. వచ్చిన కూలిని, నూలు తడపడం మొదలుకొని చీర మగ్గం దిగేదాకా ఇద్దరూ పెట్టిన రోజులతో భాగించి చూస్తే, ఒక్కొక్కరికి పడేది ఉపాధి హామీ రోజు కూలి దగ్గరే ఆగింది. నాన్న కాసేపు మౌనంగా ఉండి, "ఇది వాళ్ళకు చెప్పు బిడ్డా, ఏడుస్తూ చెప్పకు, లెక్కగా చెప్పు" అన్నారు.

"చేనేతను ప్రభుత్వం ఎందుకు కాపాడాలి?" అన్న ప్రశ్నకు జవాబు రాసుకున్నాను. దయచేసి చూసి చెప్పండి:

"చేనేతను కేవలం సంప్రదాయమని కాపాడనక్కరలేదు సార్, ఊరు వదలకుండా నైపుణ్యంతో బతికే ఉపాధిగా కాపాడాలి. 1985 చట్టం 22 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది, కానీ తనిఖీలు బలహీనంగా ఉండటం వల్ల అచ్చు వేసిన నకిలీ ఇక్కత్ మా ఊరి పేరుతోనే అమ్ముడవుతోంది. మా ఇంట్లో తయారయ్యే ఒక చీర మీద ఒక్కొక్కరికి పడే రోజు కూలి ఉపాధి హామీ కూలికి దగ్గరగా ఉంది. అందుకే నా వయసువారు మగ్గం వదిలి హైదరాబాదులో పనులకు పోతున్నారు. నాకు అవకాశం ఉంటే రాయితీల కంటే ముందు నకిలీని అరికట్టడం మీద, నేతగాడు నేరుగా అమ్ముకునే దారి మీద దృష్టి పెడతాను."

మూసీ తీరం

మీ నాన్నగారు ఒక్క మాటలో చెప్పినదాన్ని నేను అంత పొడుగ్గా రాశాను. జవాబు బాగుంది చెల్లెమ్మా, మొదటి వాక్యం మార్చవద్దు.

ఒక్క సవరణ చేసుకోండి. 1985 చట్టం కింద మొదట్లో 22 రకాలు కేటాయించారు, తర్వాత వాటిని 11కు కుదించారు. మీరు 22 అని ఆపేస్తే, జౌళి శాఖ సంగతులు తెలిసిన సభ్యులు ఎవరైనా ఉంటే అక్కడే పట్టుకుంటారు. "మొదట 22, ఇప్పుడు 11" అని చెబితే, ఎందుకు కుదించారన్న తదుపరి ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండండి. చివరి వాక్యంలో రెండు ఆలోచనలు ఉన్నాయి, అనువాదంలో రెండోది జారిపోతుంది. నకిలీని అరికట్టడం దగ్గర ఆగండి. నేరుగా అమ్ముకునే దారి గురించి వాళ్ళు ఎలాగూ అడుగుతారు, అప్పుడు ఆ కాగితం మీది లెక్క బయటకు తీయండి. ఆదివారం సాయంత్రం వీలైతే ఫోనులో మాట్లాడుకుందాం, నేను ఇంగ్లిషులో అడుగుతాను, మీరు తెలుగులో చెప్పండి, మీ స్నేహితురాలెవరినైనా అనువాదకురాలిగా కూర్చోబెట్టుకోండి.